మౌలాలి చేసిన పానా

మాచర్ల,
1946 సెప్టెంబరు.

అబిదాకు ఖలందర్ దువా.

క్షేమంగా చేరాను. చేరగానే ఉత్తరం రాయలేదని మొహం ముడుచుకుని ఉంటావు. చేతినిండా గ్రీజు, ఏం చెయ్యను? సబ్బుతో తోమినా వాసన పోవడం లేదు. ఈ కాగితానికీ అంటుకునే ఉంటుంది, చూడు.

రామబ్రహ్మం గారు మంచివాడే. నోరు పెద్దది, అంతే. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వేలం వేసిన బళ్ళలో ఒక జీపు పాడుకొచ్చుకున్నాడు. కృష్ణ ఒడ్డున ఆయనకు నాపరాళ్ళ గని ఉంది. అక్కడికి దారంటూ లేదు, అన్నీ రాళ్ళూ వాగులే. జీపు పోతుంది గాని, వాగుల్లో దిగీ దిగీ ఎడమవైపు ముందు చక్రం హబ్బులోకి నీళ్ళు పోయాయి. ఎద్దులబండి చక్రానికి నడిమి కుండ ఎలాగో జీపు చక్రానికి హబ్బు అలాగ. లోపల బేరింగు తుప్పు పట్టి, చక్రం తిరిగినప్పుడల్లా తిరగట్లో గులకరాయి పడ్డట్టు చప్పుడు.

అసలు సంగతి విను. "చక్రం బాగుచేసి, నా బండి ఆగకుండా చూసుకో. షెడ్డు పక్కన రెండు గదులు నీవేరా ఖలందరూ. పెళ్ళాం బిడ్డను తెచ్చుకో" అన్నాడు. రెండు గదులు! ముందుది పెద్దది, వెనకది వంటకు. పెరట్లో చేదబావి. నేను పోయి కళ్ళారా చూసి వచ్చాను. నీకు కాన్పు అయ్యి బిడ్డతో లేచి తిరిగేనాటికి తాళంచెవి నీ చేతిలో పెడతాను. ఇక మీ జాన్‌బీ వదిన నన్ను ఇల్లరికపు అల్లుడని ఎలా అంటుందో చూద్దాం.

చిక్కు ఒకటుంది. హబ్బును పట్టి ఉంచే నట్టు ఆరు పలకలది, పల్చనిది, బెత్తెడు లోతున కూర్చుని ఉంది. మామూలు పానా లోపలికి పోదు. గొట్టం లాంటి పానా కావాలి. వేలంలో బండి వచ్చింది గాని సామాన్ల పెట్టె రాలేదు. ఏం చెయ్యాలో కొలిమి దగ్గర మామను అడిగి రాయి.

మౌలాలి ఇంకా మీ ఇంట్లోనే తింటున్నాడా? మామ కమ్మరి కొట్లో పని చేసేవాడు కొట్లో తినవచ్చు గదా. ఊరికే అడిగాను.

ఖలందర్

*

నరసరావుపేట,
అక్టోబరు.

మా ఇంటివారికి అబిదా సలాములు.

ఉత్తరం రెండుసార్లు చదివాను. గదుల ముక్క ఇంకా ఎక్కువసార్లు చదివాను. వంటగది తలుపు ఎటువైపో రాయలేదేం? పొగ పోయే దారి ఉందా? గోడలో గూళ్ళు ఉన్నాయా, నేనే అలమర కొట్టించుకోవాలా? మగవాళ్ళు ఇల్లు చూసి రావడమంటే ఇంతే గదా, బావి ఒకటి కనబడితే చాలు.

పెళ్ళయ్యాక కూడా పుట్టింట్లోనే ఉన్నదాన్ని, నాకంటూ ఒక పొయ్యి లేదు. నిన్న ఉప్పుజాడీ నేను ముట్టుకున్నానని వదిన ఏమన్నదో తెలుసా? "నా జాడీ జోలికి రాబాక. నీ ఇల్లంటూ ఏడిస్తే ఆడ సర్దుకో" అన్నది. మాచర్లలో నాకూ ఉప్పుజాడీ ఉండబోతుందని మనసులో అనుకున్నాను, అంతే, కోపం పోయింది.

నాయన చెప్పమన్నది రాస్తున్నాను. నట్టు కొలత రాసి పంపితే పని కాదట. బట్టల సబ్బుబిళ్ళ తీసుకుని నట్టు మీద గట్టిగా అదిమి, అచ్చు తీసి పంపమన్నాడు. వెంట్రుకవాసి వదులైనా పానా జారి నట్టు మూలలు తినేస్తుందట. "తొందరపడి ఉలీ సుత్తీ పెట్టి కొట్టొద్దని చెప్పమ్మా, వాడికి తొందరెక్కువ" అన్నాడు. మీ గురించి మీ మామకు బాగా తెలుసు.

మౌలాలి మా ఇంట్లోనే తింటున్నాడు. పని నేర్చుకునే రోజుల్లో మీరెక్కడ తిన్నారు? మీకు నేను వడ్డించాను, అతనికి వదిన వడ్డిస్తుంది. చాలా?

అబిదా

*

మాచర్ల,
అక్టోబరు.

అబిదాకు దువా.

సబ్బు అచ్చు బస్సు కండక్టరు హనుమయ్య చేతికిచ్చి పంపాను. ఎండలో పెట్టొద్దని మరీ మరీ చెప్పాను. అందగానే మామ చేత పానా చేయించు. మామే చెయ్యాలి. మౌలాలి చెయ్యి పెట్టనక్కర్లేదు.

ఎందుకంటావేమో. నీకు తెలియంది కాదు. మన పెళ్ళికి ముందు మామ నిన్ను ఒక వారం మౌలాలికి ఇస్తానన్నాడు, ఇంకో వారం నాకిస్తానన్నాడు. ఊరంతా మరిచిపోయింది, నేను మరిచిపోలేదు. ఇప్పుడు నేనిక్కడ కొండల్లో, అతనక్కడ నీ కంటి ముందర. నాకు మండుతుంది. దాచుకోను.

వంటగది తలుపు తూర్పుకు. పొగ పోవడానికి పైన చిన్న కిటికీ ఉంది. గూళ్ళు రెండున్నాయి, కొంచెం ఎత్తులో. నీకు అందేట్టు ఒక చెక్క కొట్టిస్తాను.

తిండికి లోటు లేదు. రామబ్రహ్మం గారింట్లో వండే పుల్లమ్మ రోజూ షెడ్డు దగ్గరికే తెస్తుంది. జొన్నరొట్టె కాగితంలా పల్చగా చేస్తుంది. ఆ గోంగూర తింటే నాలుక లేచి నిలబడుతుంది. "తిను నాయనా, సిగ్గుపడబాక" అని కూర్చోబెట్టి మరీ పెడుతుంది. అంత ఆప్యాయత నేనెక్కడా చూడలేదు.

ఖలందర్

*

నరసరావుపేట,
నవంబరు.

మా ఇంటివారికి సలాములు.

బక్రీదు అయింది. మీరు రాలేదు. వదిన వండిన పలావులో ఉప్పెక్కువైంది, నేను మాట్లాడలేదు, హాయిగా తిన్నాను.

పానా తయారైంది. హనుమయ్య గారి చేతికే ఇచ్చి పంపుతున్నాను. నాయన చేశాడు. చల్లబడ్డాక, సబ్బు అచ్చులో మైనం పోసి తీసిన నట్టు మీద పెట్టి చూస్తే వేలికి ఉంగరంలా సరిపోయింది. పిడి చేతికి ఒరుసుకోకుండా నా నీలం చీర అంచు చింపి చుట్టాను. ఆ చీర ఎటూ చివికిపోయిందిలెండి.

ఈపూరు నుంచి మా పిన్ని కూతురు షాహిదా వచ్చింది, కాన్పు దాకా సాయం ఉంటుంది. నవ్విందంటే వీధి చివరికి వినబడుతుంది. ఇల్లు కళకళలాడుతోంది. మౌలాలికి ఈమధ్య ఆకలెక్కువైందని వదిన సణుగుతోంది, అన్నం వేళకు ముందే వచ్చి అరుగు మీద కూర్చుంటున్నాడట.

పుల్లమ్మ గారి గోంగూర గురించి అంత వివరంగా రాశారు, నా ఒంట్లో ఎలా ఉందని ఒక్క ముక్క అడగలేదు. నాలుక లేచి నిలబడిందా? సంతోషం. నిలబడ్డ నాలుకను కాస్త అదుపులో పెట్టుకోండి. అంత ఆప్యాయత ఎక్కడా చూడలేదట! ఇన్నేళ్ళూ నేను పెట్టింది గడ్డా?

అబిదా

*

మాచర్ల,
నవంబరు.

అబిదాకు.

పానా అందింది. గుడ్డ విప్పగానే తెలిసిపోయింది. మామది కుడిచేతి వాటం, మౌలాలిది ఎడమచేతి వాటం. ఒకే దాగలి మీద ఇనుము కొడుతూ అతని పక్కన ఇన్నేళ్ళు నిలబడ్డవాణ్ణి, ఆకురాయి అరగదీసిన గీత ఎటు వాలిందో నాకు తెలియదా? ఆ గీతలన్నీ ఎడమచేతివే. నాయన చేశాడని రాశావు. ఎందుకు రాశావు ఆ అబద్ధం?

దాన్ని హబ్బులో పెట్టి కూడా చూడలేదు. అతను చేసిన ఇనుముకు నువ్వు నీ చీర చింపి చుట్టావా? ఆ చీర నేను కోటప్పకొండ తిరునాళ్ళలో కొన్నది. గుడ్డ విప్పి నా పెట్టెలో దాచుకున్నాను. పానాను పుల్లమ్మకిచ్చాను, మజ్జిగకుండ మూత మీద బరువు పెట్టుకోవడానికి. పిల్లి బాధ తప్పిందని ఆమె నన్ను దీవించింది.

అతనికి ఆకలెక్కువైందా? ఎందుకెక్కువైందో వదినకు తెలియకపోతే నాకు తెలుసు.

పని ఆగిందనుకుంటున్నావేమో. ఆగలేదు. ఉలి ఆనించి సుత్తితో నాలుగు వేస్తే నట్టు కదిలింది. కొత్త బేరింగు వేసి, మళ్ళీ ఉలితోనే కొట్టి బిగించాను. రామబ్రహ్మం గారు కారెంపూడి తిరునాళ్ళకు జీపులో పోయి వచ్చాడు. "చప్పుడే లేదు గదరా!" అని వీపు చరిచాడు. ఎవరి పానా లేకపోయినా నా పని నాకు చేతనవును. ఈ మాట మీ కొట్లో అందరికీ వినబడేట్టు చదువు.

ఖలందర్

*

నరసరావుపేట,
నవంబరు.

మా ఇంటివారికి.

సలాం కూడా రాయబుద్ధి కావడం లేదు, అయినా రాస్తున్నాను. సలాం.

అబద్ధం రాశాను. నిజం రాస్తే మీరేం చేస్తారో తెలిసే రాశాను, చివరికి మీరు అదే చేశారు. నాయన చూపు మందగించింది. నిప్పులో ఇనుము ఎర్రబడిందో తెల్లబడిందో పోల్చుకోలేకపోతున్నాడు. ఊళ్ళో తెలిస్తే కొట్టుకు ఎవరూ రారని మీకు కూడా చెప్పొద్దన్నాడు. సబ్బు అచ్చును వేలితో తడిమి తడిమి చెప్పింది ఆయన, చేసింది మౌలాలి. గుడ్డ చుట్టింది నేను, మీ అరచెయ్యి బొబ్బలెక్కుతుందని. ఇందులో పాపమేముందో నాకు చెప్పండి.

మీ ఉత్తరం కొట్లో చదవలేదు. ఉలి సంగతి మాత్రం నాయనకు చెప్పాను. తల పట్టుకున్నాడు. ఆయన మాటలు ఆయన చెప్పినట్టే రాస్తున్నాను: "పానాతో బిగిస్తే బిగువు చేతికి తెలుస్తదమ్మా. ఉలితో కొడితే చెవికి చప్పుడొక్కటే తెలుస్తది. చక్రం తిప్పుకుంటా బిగించాల, పట్టేసినట్టు కాంగానే పిసరు ఎనక్కొదలాల. గని దాకా పోయొచ్చినాక హబ్బు మీద అరచెయ్యి పెట్టి చూడమను. చెయ్యి ఉంచలేకపోతే లోపల చస్తన్నట్టే." ఒక్కసారి చెయ్యి పెట్టి చూడండి. నా మీద కోపం ఉంటే ఉండనివ్వండి, చెయ్యి పెట్టడానికి కోపం అడ్డం రాదు గదా.

ఇక నా వంతు. ప్రతి ఉత్తరంలో పుల్లమ్మ. రొట్టె చేసే పుల్లమ్మ, మజ్జిగ చిలికే పుల్లమ్మ, దీవించే పుల్లమ్మ. ఆమె వయసెంతో ఒక్కసారైనా రాశారా? నా నోట అన్నం దిగడం లేదు. మీకొక్కరికే మండుతుందనుకోకండి.

అబిదా

*

మాచర్ల,
డిసెంబరు.

అబిదాకు దువా.

పీర్ల పండగకు వద్దామనుకున్నాను, గనిలో పని ఎక్కువగా ఉంది. జీపు బాగానే ఉంది. పుల్లమ్మకు మనవరాళ్ళున్నారు, పెద్దదానికి పెళ్ళి కూడా అయింది.

చెక్క కొట్టించాను, నీ భుజం ఎత్తుకు. సున్నం వేయించాలి. నీ ఒళ్ళు జాగ్రత్త. మామను కంటికి ఆకుపసర్లు పోయించుకోవద్దని చెప్పు.

ఇక్కడ దారులు మంచివి కావు, దానికి తగ్గట్టు బండ్లు వేడెక్కుతూనే ఉంటాయి. దానికేమీ అనుకోనక్కర్లేదు.

ఖలందర్

*

నరసరావుపేట,
1947 జనవరి.

మా ఇంటివారికి అబిదా సలాములు.

కబురు ముందే అంది ఉంటుంది. ఆడపిల్ల. నేనూ బాగున్నాను, పిల్లా బాగుంది. జుట్టు ఒత్తుగా ఉంది, ఏడుపు మీ సుత్తిదెబ్బల్లా ఉంది. నాయన చెవి దగ్గర పెట్టుకుని ఆ ఏడుపు విని ఒకటే నవ్వు. మొహం సరిగా కనబడదు గదా, వేళ్ళతో తడిమి ముక్కు మీదేనని తేల్చాడు.

నొప్పులు మొదలైతే మంత్రసానికి కబురు తీసుకుపోయింది మౌలాలి. ముందే రాసేస్తున్నాను. తర్వాత ఇంకెవరి నోటనో విని మళ్ళీ ఉలీ సుత్తీ తీస్తారేమోనని.

పోయిన ఉత్తరంలో బండి వేడెక్కుతోందని రాశారు. నేను అడగకుండా మీరంతట మీరు రాశారంటే చెయ్యి పెట్టి చూశారన్నమాట. ఏమైంది? దాచకండి. నేను ఇక్కడ మంచంలో పడుకుని ఆ గదులే తలుచుకుంటున్నాను. పిల్ల ఉయ్యాల ముందుగదిలో దూలానికి కట్టాలా, వంటగదిలో నా కళ్ళెదురుగా కట్టాలా అని రోజూ అటూ ఇటూ మారుస్తున్నాను. వదిన పిల్లను ఎత్తుకుని "మా ఇంట్లోనే పెరుగుతది, దీనికి వేరే ఇల్లెక్కడిది" అంటే షాహిదా ముందర నా తల కొట్టేసినట్టయింది. నలభై రోజులు కాగానే నన్ను తీసుకుపోండి. నాకు ఇంకేమీ వద్దు.

అబిదా

*

మాచర్ల,
ఫిబ్రవరి.

అబిదాకు, నా బంగారుతల్లికి దువా.

ఈ ఉత్తరం ఎన్నిసార్లు మొదలుపెట్టి చింపానో. నిన్న రామబ్రహ్మం గారు పిలిచి, "నలభై అయిపోవచ్చింది గదా. బాలింతరాలు పసిదానితో బస్సులో ఏం కుదుపులు పడతదిరా? జీపు తీసుకపోయి దర్జాగా తెచ్చుకో" అన్నాడు. ఎవరైనా ఎగిరి గంతేస్తారు. నేను వచ్చి షెడ్డులో ఆ చక్రం ముందు కూర్చున్నాను.

హబ్బు మీద చెయ్యి పెట్టి చూశాను అబిదా, నీ ఉత్తరం అందిన రోజే. కాలింది. మర్నాడూ కాలింది. వదులు చేద్దామని ఉలితో కొట్టాను, చక్రం ఊగింది. మళ్ళీ బిగించాను, మళ్ళీ కాలింది. మొన్న గని దగ్గర దిగుడులో చక్రం పక్కకు లాగింది, ఆయన పడబోయి కమ్మీ పట్టుకున్నాడు. రాయి తగిలిందని బొంకాను. ఆ చక్రం మీద నిన్నూ పిల్లనూ ఎక్కించుకుని రమ్మంటే ఎలా తేను?

సిగ్గు విడిచి పుల్లమ్మ మజ్జిగకుండ మీది పానా తెచ్చి హబ్బులో పెట్టాను. పెట్టి తిప్పితే ఊరికే తిరిగింది. నట్టుకు పట్టు లేదు. ఆరు మూలలూ నా ఉలే తినేసింది. ఆ పానా వచ్చిన రోజున పెట్టి ఉంటే ఉంగరంలా కూర్చునేది, నువ్వు రాసినట్టే. సరైన పనిముట్టు మూడు నెలలు మజ్జిగకు కాపలా కాసింది. షెడ్డులో కూర్చుని ఏడ్చాను, నీకు తప్ప ఇంకెవరికి చెప్పను?

రామబ్రహ్మం గారికి నిజం చెప్పేశాను, బండి మీ ఇంటి దాకా రాదని. "ఏందిరా, చానా బాగుచేశానని ఎగిరినావు గదా! వారంలో తేల్చు, లేకపోతే తాళంచెవి ఇంకొకడికిస్తా" అన్నాడు.

మౌలాలిని పంపించు. కొత్త నట్టు కొట్టి తెమ్మను. ఆ పేరు నా చేత్తో నేనే రాశాను. రాసేటప్పుడు ఎలా ఉందో నీకు చెప్పను.

ఖలందర్

*

నరసరావుపేట,
ఫిబ్రవరి.

మా ఇంటివారికి సలాములు.

మౌలాలి రేపు పొద్దున బస్సుకు బయలుదేరుతున్నాడు. నట్టు నాయన వేలితో చూసి సరే అన్నాడు. "బావ పిలిచినాడా? నిజంగా పిలిచినాడా?" అని మౌలాలి రెండుసార్లు అడిగాడు.

అతన్ని బాగా చూసుకోండి. మిగతా సంగతులు తర్వాత. ముందు చక్రం సరిచేసుకోండి, ఆ గదులు పోగొట్టకండి.

అబిదా

*

మాచర్ల,
మార్చి.

అబిదాకు, తల్లికి దువా.

చక్రం బాగుపడింది. ముందు ఆ మాట విని కుదుటపడు.

మౌలాలి వచ్చి, షెడ్డులో నాలుగువైపులా చూసి, నేరుగా చక్రం దగ్గర కూర్చున్నాడు. పాత నట్టును కోసి తీశాడు. కొత్తది ఎక్కించి పానా నా చేతికిచ్చాడు. "నువ్వే బిగించు బావా, నేను చక్రం తిప్పుతా" అన్నాడు. తిప్పుతుంటే బిగించాను. మామ చెప్పిందంతా అప్పుడు చేతికి తెలిసింది. ఎక్కడ పట్టిందో, ఎక్కడ వదలాలో పానాలోంచి నేరుగా మణికట్టులోకి వచ్చేసింది. అతని పనితనం అంత గొప్పది. అంత గొప్పదైనందుకే నాకు కడుపు మండింది. మధ్యాన్నం గని దాకా పోయి వచ్చి చెయ్యి పెట్టి చూశాం. ఎంతసేపు ఉంచినా కాలలేదు.

రామబ్రహ్మం గారు అరుగు మీది నుంచి అంతా చూశాడు. "ఆ పనిముట్టు ఎవరు చేసింది?" అన్నాడు. మౌలాలి అని చెప్పాను. "ఎప్పుడొచ్చింది?" అన్నాడు. నేను నసుగుతుంటే పుల్లమ్మ అందుకుంది. "అది నవంబరు నించి నా మజ్జిగ మీదే ఉండె గదయ్యా!" అన్నది. ఆయన చాలాసేపు నవ్వి, ఆ తర్వాత నవ్వడం మానేశాడు. "మీ ఇద్దరిలో ఎవరో ఒకరుండండి. ఎవరనేది మీరే తేల్చుకోండి" అని లోపలికి పోయాడు.

మౌలాలి వెంటనే, "నేను నట్టు కోసం వచ్చినా బావా. ఇవి అక్క గదులు, నాకొద్దు" అన్నాడు. అక్క అన్నాడు, విన్నావా. పైకి అలాగే అంటారు.

అప్పుడు నేను బాగా ఆలోచించాను. నేనిక్కడ ఉంటే, బండికి ఏం వచ్చినా అతన్నే పిలవాలి. వచ్చినప్పుడల్లా నీ చేత్తో అన్నం పెట్టాలి. నువ్వు పుట్టింటికి పోతే అక్కడా అతనే. ఎటు చూసినా అతనే. అదే అతను ఈ కొండల్లో ఉండి, నేను మామ కొట్లో ఉంటే? మామకు చూపు తగ్గింది, నా అవసరమూ ఉంది. అందుకని, "నువ్వే ఉండు మౌలాలీ" అన్నాను. వద్దు వద్దంటే తాళంచెవి బలవంతాన అతని గుప్పెట్లో పెట్టాను. అతను నా చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఇక అతను మీ ఇంట్లో తినడు, మీ అరుగు మీద కూర్చోడు. నా మనసు ఇన్నాళ్ళకు చల్లబడింది. గదులదేముంది, ఇవి కాకపోతే ఇంకోచోట. ఎల్లుండి బస్సుకు వస్తున్నాను.

ఖలందర్

*

నరసరావుపేట,
మార్చి.

మా ఇంటివారికి అబిదా సలాములు.

మీరు బస్సెక్కే లోపల ఇది అందాలని హనుమయ్య గారి చేతికే ఇస్తున్నాను. మీరు ఎదురుగా ఉంటే ఇవేవీ నేను అనలేను.

మౌలాలి కళ్ళనీళ్ళు ఎందుకు పెట్టుకున్నాడో చెబుతాను. అతనికి షాహిదాను ఇస్తున్నారు. అది వచ్చిన వారానికే అతని ఆకలి ఎక్కువైంది, మీకు రాశాను గదా. పెద్దలు ఊ అనేదాకా ఆడపిల్ల పేరు కాగితం మీద పెట్టకూడదని ఊరుకున్నాను. మౌలాలి మాచర్ల బయలుదేరకముందే మా పిన్ని ఒప్పుకుంది. "సొంత ఇల్లు లేనోడికి ఎట్టా ఇయ్యాల" అని ఒక్కటే పట్టుపట్టింది. అందుకని పెళ్ళయ్యాక ఈపూరులోనే చిన్న కొలిమి పెట్టుకుంటానని అతను మాటిచ్చాడు. ఉగాది దాటితే అతను మా ఇంట్లో ఉండేవాడే కాదు. మీరు తోసెయ్యకపోయినా పోయేవాడే. పోయేవాణ్ణి పంపించడానికి నా ఇల్లు ఇచ్చారు.

మౌలాలి నిన్న వచ్చి తాళంచెవి నా ముందు పెట్టాడు. "అక్కా, బావ బలవంతంగా ఇచ్చినాడు. నువ్వు వద్దంటే ఇప్పుడే తిరిగిచ్చేస్తా" అన్నాడు. షాహిదా గడప అవతల నిలబడి ఉంది. ఆ మొహంలో వెలుగు మీరు చూడాల్సింది. రెండు గదులు, చేదబావి, తన పొయ్యి. నేనేమనాలి? మగడు మాటిచ్చి ఇచ్చింది వెనక్కి లాక్కుంటే ఊరంతా మిమ్మల్ని ఏమంటుంది? తీసుకోమన్నాను. వదిన వెనక నుంచి "ఇంకేం, మా ఇల్లరికం మళ్ళీ వస్తండాడు" అన్నది. నేను పిల్లకు పాలిస్తున్నట్టు తల దించుకున్నాను.

మీకు ఎప్పుడూ ఏమీ లేనిదాని మీద మంట. నా మనసులో మౌలాలి ఏనాడూ లేడు. ఇన్నాళ్ళూ నాకు మంట అంటే ఏమిటో తెలియదు, పుల్లమ్మ గారి సంగతి ఉత్త ఉడుకుబోతుతనం. ఇప్పుడు తెలిసింది. షాహిదా నా చెల్లెలు, నా కాన్పుకు నా ఒళ్ళు తోమిన పిల్ల. అది నవ్వితే ఇప్పుడు నాకు చెవులు మూసుకోవాలని ఉంది. పెట్టెలో గిన్నెలు సర్దుకుంటుంటే ఆ గిన్నెలు గోడకేసి కొట్టాలని ఉంది. తప్పని తెలుసు, అయినా ఉంది.

రండి. మీరు కావాలి నాకు, కాదనను. పిల్ల ముక్కు నిజంగా మీదే. కాని పెళ్ళి మా ఇంట్లోనే చేస్తున్నారు. అక్కను గదా, ముందు నిలబడి దాన్ని పెళ్ళికూతుర్ని చేసి, సారె సర్ది, మాచర్ల బస్సు ఎక్కించేది నేనే. అన్నీ చేస్తాను, నవ్వుతూనే చేస్తాను. ఆ పెళ్ళి నాలుగు రోజులూ మీరు మాత్రం నాతో మాట్లాడకండి.

అబిదా